కోడలి గదికి వెళ్లే వైరు

మా ఇంటి గోడల్లో ఏ వైరు ఎక్కడ మొదలై, ఎక్కడ మలుపు తిరిగి, ఎక్కడ ఆగుతుందో కళ్లకు గంతలు కట్టినా చెప్పగలను. నలభై రెండేళ్ల కిందట ఈ ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ మొత్తం నా రెండు చేతులతో చేశాను. ఒకసారి పిడుగు పడి వీధిలో ప్రతి ఇంట్లోనూ బల్బులు పేలిపోతే, మా దీపాలు మాత్రం ఒక్కసారి కన్నుకొట్టి మళ్లీ వెలిగాయి. మర్నాడు కరెంటాఫీసు ఇంజినీరు వచ్చి, మా స్విచ్‌బోర్డు ముందు చెప్పులు విడిచి నిలబడి, "ఇది ఎవరి పని?" అన్నాడు. నేనేనన్నాను. అక్కడికక్కడే ఉద్యోగం ఇస్తానన్నాడు. లారీని వదిలి రాలేనని చెప్పి పంపించేశాను.

నలభై రెండేళ్లుగా చెబుతున్న మాట ఇది. చెప్పిన ప్రతిసారీ ఇంజినీరుకు ఒక మెట్టు ప్రమోషను కూడా ఇస్తూ వచ్చాను. మా ఆవిడ పక్కనే కూర్చుని వింటుంది, ఏమీ అనదు. ఆవిడ ఏమీ అనకపోవడం వెనక ఒక కథ ఉంది. దాని దగ్గరికి వెళ్లాలంటే ముందు మా కోడలి ఉద్యోగం మీదుగా వెళ్లాలి.

మా కోడలిది దుబాసీ పని. ఆస్పత్రిలో డాక్టరుది ఒక భాష, రోగిది ఒక భాష. మధ్యలో మా కోడలు కంప్యూటరు తెర మీద ప్రత్యక్షమై ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తుంది. చదువు పూర్తయిన ఎనిమిదేళ్లకు దొరికిన ఉద్యోగం. అదీ ఇంకా గట్టిపడలేదు. రెండు వారాలు చూసి తీసుకుంటామన్నారు. షరతులు రెండు. రోగుల మాటలు బయటికి వినపడకూడదు కాబట్టి తలుపు వేసుకున్న గదిలో కూర్చోవాలి. మాట మధ్యలో లైను తెగకూడదు. మూడుసార్లు తెగితే ఇంటికి పంపించేస్తారు.

"ఇప్పుడు ఉన్నది ఇంట్లోనే కదమ్మా, ఇంకెక్కడికి పంపుతారు?" అన్నాను.

మా కోడలు నవ్వలేదు.

మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు గది, నడిమి గది, వంటగది, ఆ వెనక ఒక చిన్న గది. నెట్టు వీధిలోంచి వచ్చి ముందు గదిలో ఒక పెట్టె దగ్గర ఆగుతుంది. గడియ ఉన్న తలుపు మాత్రం వెనక గదికే ఉంది. నా లారీ పాత టైర్లూ, జాకీలూ దాచుకునే గది అది. రెండు నెలల కిందట వాటిని బయట పడేసి, సున్నం కొట్టి, నడిమి గదిలోని పాత ఫ్యాను అక్కడ బిగించి కోడలికి ఇచ్చాం. అక్కడ అన్నీ ఉన్నాయి, నెట్టు తప్ప. మధ్యలో రెండడుగుల మందాన రాతిగోడ ఉంది.

మొదట పొడుగాటి కేబులు ఒకటి తెచ్చి మూడు గుమ్మాల మీదుగా నేల మీద పరిచారు. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని నేను వంటగదిలోంచి వస్తున్నాను. తరవాత నేను నేల మీద ఉన్నాను, కాఫీ గోడ మీద ఉంది, కేబులు నా కాలికి ఉంది. లోపల మా కోడలు ఎవరో ముసలాయనకు డాక్టరు మాట చెబుతోంది. "తాతగారూ, ఈ మాత్ర పరగడుపున మాత్రం—" అనేదాకా ఆయనకు వినపడింది. వేసుకోవాలో, వేసుకోకూడదో వినపడకుండానే లైను తెగింది.

గది తలుపు తెరుచుకుంది.

"మావయ్యా!"

"నాకేం దెబ్బ తగల్లేదమ్మా."

"మీ గురించి కాదు మావయ్యా, ఆ తాతగారు ఏమయ్యారో!"

ఆయనకు మరొకరు ఫోను చేసి చెప్పారట, బాగానే ఉన్నాడు. మా కోడలి పేరు పక్కన మాత్రం మొదటి గీత పడింది.

ఆ సాయంత్రం మా వాడు ఒక జత డబ్బీలు తెచ్చాడు. మా వాడు బస్సు డ్రైవరు. నా కొడుకే గనక చక్రాలు ఉన్నదేదైనా నడుపుతాడు, లేనిదేదీ అర్థం కాదు. షాపులో చెప్పినది చెప్పినట్టు అప్పగించాడు.

"ఒక డబ్బీ ముందు గదిలో ప్లగ్గుకి పెట్టి, నెట్టు పెట్టెకి కలపాలి. రెండోది వెనక గదిలో ప్లగ్గుకి పెట్టి, కంప్యూటరుకి కలపాలి. మధ్యలో కేబులు అక్కర్లేదు. గోడలో కరెంటు వైరు ఎలాగూ ఉందిగా, దాని మీదే నెట్టు కూడా వెళ్లిపోతుంది."

ఇది నాకు వెంటనే అర్థమైంది. లారీలో కింద బస్తాలు ఉంటాయి, పైన ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుంటాం. బండి ఎలాగూ ఆ ఊరికే పోతోంది.

"ఇంకేం! నా వైరు మీద నెట్టేమిటి, ఏనుగునెక్కించినా పోతుంది" అన్నాను.

మా ఆవిడ బీన్స్ తుంచుతోంది. నా వైపొకసారి చూసి మళ్లీ తుంచడం మొదలుపెట్టింది.

డబ్బీ మీద చిన్న దీపం ఉంది. లైను బాగుంటే ఆకుపచ్చ, బాగోకపోతే ఎరుపు. మా వెనక గదిలో ఎర్రగా వెలిగింది. కాసేపు నెట్టు వస్తుంది, కాసేపు నత్తలా పాకుతుంది, కాసేపు చచ్చిపోతుంది. మా కోడలు ఆ దీపం వైపు జ్వరం కొలిచే గొట్టాన్ని చూసినట్టు చూస్తూ పనిచేసేది.

"వైరింగ్‌లో ఏమైనా ఉందేమో నాన్నా" అన్నాడు మా వాడు.

"ఒరేయ్, నువ్వు పుట్టకముందు వైరింగ్ రా అది. నిన్ను శంకించు, దాన్ని శంకించకు. లోపం డబ్బీల్లో ఉంది."

డబ్బీలు మార్చుకొచ్చాడు. మళ్లీ ఎరుపే. మళ్లీ మార్చుకొచ్చాడు. మూడోసారి వెళ్తే షాపతను మా వాణ్ణి దూరం నుంచే చూసి కౌంటరు కింద ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడట. అప్పుడిక నేను రంగంలోకి దిగాను. కరెంటు మీద అడ్డమైన సామానూ తగిలిస్తే నెట్టుకు దారెక్కడిదన్నాను. మిక్సీ వాడొద్దన్నాను. మా వాడి ఫోను చార్జరు పీకేశాను. ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, మళ్లీ పెట్టడం మరిచిపోయాను. మర్నాటికి పాలు విరిగాయి.

"ఏవండీ, పాలేం చేశాయండీ మిమ్మల్ని?" అంది మా ఆవిడ.

"సాంకేతిక కారణాలు" అన్నాను.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి. వైరింగ్ తెలిసిన మనిషినొకర్ని పిలిపిద్దాం" అంది మా కోడలు.

"వైరింగ్ తెలిసిన మనిషి ఇంట్లో ఉండగా బయటి నుంచి ఎందుకమ్మా? అడుగు మీ మావయ్యని. ఆయనేగా చేసింది."

నేను మీసం దువ్వుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాను. ఏదో ఒక పని కనిపించాలి కదా, మోటారు వేసి మొక్కలకు నీళ్లు పెట్టాను. సరిగ్గా అదే సమయంలో రెండోసారి లైను తెగింది. ఈసారి అవతల ఉన్నది నెలలు నిండిన ఒక అమ్మాయి. ఏమీ కాలేదు, కాకపోతే మా కోడలు ఆ పూట అన్నం తినలేదు.

రెండో గీత పడింది. శుక్రవారం పదకొండింటికి సూపర్‌వైజరు తనే లైనులో కూర్చుని మా కోడలి పని వింటానంది. అది సజావుగా సాగితే ఉద్యోగం. తెగితే మూడో గీత.

శుక్రవారం తొమ్మిదిన్నరకు మా వాడు సెలవు పెట్టి, స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని, ఏం విప్పాలో తెలియక నిలబడ్డాడు.

"ముందు మెయిన్ కట్టెయ్" అన్నాను పెద్దరికంగా.

కట్టేశాడు. ముందు గది ఫ్యాను ఆగింది. నడిమి గది దీపం ఆరింది. ఫ్రిజ్ ఒకసారి మూలిగి ఊరుకుంది. వెనక గదిలోంచి మా కోడలి గొంతు వినపడింది.

"మావయ్యా, ఒకసారి ఇలా రండి."

వెళ్లాను. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"మెయిన్ కట్టేశారా?"

"కట్టేశామమ్మా."

"మరి ఇదెలా తిరుగుతోంది?"

మామూలు మనిషైతే అక్కడే నిజం చెప్పేసేవాడు. నేను ఫ్యాను వైపు ఒక నిమిషం ఆప్యాయంగా చూశాను.

"ఇది పాతకాలం ఫ్యానమ్మా. బేరింగులు అలాంటివి. ఒకసారి తిరగడం మొదలుపెడితే కరెంటు తీసేసినా ఊపు మీద పావుగంట తిరుగుతుంది. మా లారీ ఆఫీసులో ఇలాంటిది ఆదివారం కట్టేస్తే సోమవారం మేం వెళ్లేసరికి ఇంకా..."

మా కోడలు కుర్చీ లాక్కుని ఫ్యాను కింద కూర్చుని, గడియారం వైపు చూసింది. "సరే మావయ్యా. పావుగంట చూద్దాం."

నేను కూడా నిలబడ్డాను. ఏం చెయ్యను? నా జీవితంలో అంత పొడుగాటి పావుగంట లేదు. పదో నిమిషంలో "నెమ్మదిస్తోంది చూశావా" అన్నాను. మా వాడు వచ్చి, స్విచ్ నొక్కాడు. ఫ్యాను ఆగింది. మళ్లీ నొక్కాడు. తిరిగింది.

"బేరింగులు బాగానే ఉన్నాయి నాన్నా" అన్నాడు.

వాడు షాపతనికి ఫోను చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. షాపతను మా గొంతు వినగానే నిట్టూర్చాడు.

"అన్నా, మళ్లీ మార్చమంటే నా వల్ల కాదు."

"మార్చొద్దులే. మెయిన్ కట్టేసినా వెనక గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఎందుకంటావు?"

"అదీ! ఆ గది వేరే లైను మీద ఉందన్నమాట. డబ్బీలు రెండూ ఒకే లైను మీద ఉండాలన్నా. దారి కలవకపోతే నెట్టు ఎలా చేరుతుంది? నూరుసార్లు డబ్బీలు మార్చినా అంతే. ఆ ఇంటి వైరింగ్ చేసిన మనిషి ఉన్నాడా, పోయాడా?"

ముగ్గురూ నా వైపు చూశారు.

"ఉన్నాడు" అంది మా ఆవిడ.

"అయితే ఆయన్నే అడగండి. వేరే లైను ఎక్కణ్ణుంచి లాగాడో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు" అని ఫోను పెట్టేశాడు.

గడియారం పది దాటింది. మా కోడలు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మావయ్యా, నాకింక గంట కూడా లేదు. ఎనిమిదేళ్లు ఎదురుచూశాను మావయ్యా" అని మాత్రం అంది. కళ్లలో నీళ్లు లేవు, అలసట ఉంది. నా కోతలన్నీ వినీ వినీ వచ్చిన అలసట.

అప్పుడు నేను నడిమి గదిలో నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, ముగ్గురి ముందూ తలెత్తి ఒప్పుకున్నాను.

"ఈ ఇంటి వైరింగ్ చేసింది నేను కాదు. మీ అత్తయ్య."

మా ఆవిడ పుట్టింటివాళ్లది మోటారు వైండింగ్ షాపు. బొమ్మలతో ఆడుకునే వయసులో రాగితీగ చుట్టిన మనిషి. ఇల్లు కట్టినప్పుడు నిచ్చెనెక్కి గది గదికీ వైరు లాగింది ఆవిడే. నేను నిచ్చెన పట్టుకున్నాను, అడిగినప్పుడు మేకులందించాను. ఇంట్లో దిగిన రోజున బంధువులంతా బోర్డులు చూసి "భలే చేశారే, ఎవరు?" అన్నారు. ఆవిడ నోరు తెరిచేలోగా "నేనే" అనేశాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు ముందు నడిచే రకం నాది, నేను వెనకాల వెళ్తుంటాను. వాళ్లు వెళ్లాక ఆవిడ "మీరే చేశారు, సరే. నా అంతట నేను ఎప్పుడూ కాదనను. మీరు కాదన్న రోజున చూద్దాం" అంది. అంతే. ఫ్యూజు పోయినప్పుడల్లా నేను "కరెంటుతో చెలగాటం వద్దు" అని అందర్నీ బయటికి పంపి తలుపేస్తే, లోపల ఆవిడ ఫ్యూజు వేసేది.

"మరి అత్తయ్యా, వెనక గది మీరు వేరే లైనుకెందుకు ఇచ్చారు?" అంది మా కోడలు.

"వెనక గది నేను చెయ్యలేదు" అంది మా ఆవిడ. "అదొక్కటీ ఆయనే చేశారు."

ఇది కూడా నిజమే. ఒక్క గదైనా నా చేత్తో చెయ్యాలని పట్టుబట్టాను. చేతిలో ఉన్న వైరు వంటగది దాకా అందలేదు. పెరట్లో నీళ్ల మోటారుకు వెళ్లే లైను కిటికీ పక్కనే ఉంది. దానికి మెయిన్ వేరు, స్తంభం నుంచి వచ్చే తీగ కూడా వేరు. లారీలో మేం అవన్నీ చూస్తామా? క్యాబిన్లో ఫ్యాను పెట్టాలంటే హారన్ వైరు దగ్గరుంటే హారన్ వైరుకే తగిలించేస్తాం. అలాగే తగిలించాను. బల్బు వెలిగింది. టైర్లకు అంతకన్నా వెలుగు ఎందుకు?

"అంటే నాన్నా, ఇల్లంతా చేశానన్నావు. చేసింది ఒక్క గది. అదీ తప్పుగా చేశావు" అన్నాడు మా వాడు.

"లెక్క సరిగ్గానే ఉంది" అన్నాను.

"ఇంకోటుంది. రెండోసారి లైను తెగినప్పుడు మీ నాన్న మోటారు వేసి మొక్కలకి నీళ్లు పెడుతున్నారు" అంది మా ఆవిడ.

మా కోడలు నా వైపు చూసిన చూపు గురించి రాయను. మా ఆవిడ వైపు తిరిగి, "ఇదంతా మీకు ముందే తెలుసా అత్తయ్యా?" అంది. ఆ గొంతులో నా మీద ఉన్నంత విసుగూ ఉంది.

మొదటిసారి మా ఆవిడ ముఖం వాడిపోయింది. "మోటారు లైను అని తెలుసమ్మా. దానివల్లే నెట్టు రావట్లేదని ఆ షాపతను చెప్పేదాకా నాకూ తెలీదు. తెలిస్తే ఈయన పరువు చూసేదాన్నా?" అంటూ లేచి, వంటగదిలో చెంచాల డబ్బాలోంచి టెస్టరు తీసింది. "టైమెంతైంది?"

"పదీ పది."

"ఒరేయ్, పెరట్లో మోటారు మెయిన్ కూడా కట్టెయ్. అమ్మాయ్, ఆ టేపు అందుకో. ఏవండీ, మీరు నిచ్చెన పట్టుకోండి. పట్టుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యొద్దు."

అరవై ఎనిమిదేళ్ల మనిషి నాలుగు మెట్లెక్కింది. నేను పెట్టిన అతుకును చూసి "ఛీ" అంది. దాన్ని విప్పి, తీగల కొసలకు టేపు చుట్టి మూసేసింది. మా వాడు పరుగున వెళ్లి వీధి చివరి షాపులో పది గజాల వైరు తెచ్చాడు. మా ఆవిడ వంటగది బోర్డు నుంచి లైను తీసి, వెంటిలేటరు సందులోంచి వెనక గది బోర్డుకు కలిపింది. మధ్యలో నేను "ఆ ఎర్రది ఇటు..." అనబోతే పైనుంచి ఒక మేకు నా తల మీద పడింది. జారిందో, వదిలిందో అడగలేదు.

పది నలభై ఎనిమిదికి ఆవిడ దిగింది. ప్రతి స్విచ్చు దగ్గరా టెస్టరు పెట్టి చూసింది. మెయిన్ వేశారు. ముందు గదిలో నెట్టు పెట్టె నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుని, ఒక్కొక్క దీపమే వెలిగించుకుంటూ మూడు నిమిషాలు తినేసింది. మేం నలుగురం వెనక గదిలో డబ్బీ చుట్టూ వంగి నిలబడ్డాం. ఎరుపు. ఎరుపు. ఆరిపోయింది. ఆకుపచ్చగా వెలిగి, అలాగే నిలిచింది.

"బయటికి నడవండి" అంది మా కోడలు. గడియ పడింది.

పదకొండు నుంచి పదకొండూ నలభై దాకా మా ఇంట్లో ఎవరూ దగ్గలేదు. మా వాడు పెరట్లో మోటారు స్విచ్చుకు ఆనుకుని కాపలా నిలబడ్డాడు, నా వల్ల ప్రమాదమని. నన్ను కుర్చీలోంచి లేవవద్దన్నారు. మా ఆవిడ మిగిలిన వైరు చుట్ట చుడుతూ కూర్చుంది. తలుపవతల మా కోడలి గొంతు మాటలు తెలియకుండా సన్నగా వినపడుతూనే ఉంది. ఎక్కడా తెగలేదు. ఒకసారి సగం మాటలో ఆగినట్టనిపించి ముగ్గురం ఒకేసారి తలెత్తాం. మంచినీళ్లు తాగిందట.

మా కోడలు గడియ తీసుకుని బయటికొచ్చి, గుమ్మానికి ఆనుకుంది.

"సోమవారం నుంచి పూర్తి ఉద్యోగం. లైను ఇవాళ ఇంత బాగుందేమిటి, ఎవరు చేశారని సూపర్‌వైజరు అడిగింది కూడా."

"నువ్వేమన్నావు?" అన్నాను, అలవాటు కొద్దీ కాస్త ఆశగా.

"మా అత్తయ్య అన్నాను."

మా ఆవిడ వైరు చుట్ట పక్కన పెట్టి, ముఖం అటు తిప్పుకుంది. నలభై రెండేళ్లకు ఆవిడ పనికి ఆవిడ పేరు పడింది. అది కూడా మేమెవరం చూడని ఏదో ఊళ్లో, ఏదో ఆఫీసులో.

ఇదంతా జరిగింది జరిగినట్టే రాశాను, ఒక్కటి తప్ప. నడిమి గదిలో నిటారుగా నిలబడి, తలెత్తి, ముగ్గురి ముందూ ఒప్పుకున్నానన్నాను చూశారూ, అది నేను కల్పించింది. అసలు జరిగింది వేరు. ఎవరూ చూడకుండా వంటగదిలో దూరి, మా ఆవిడ వీపు వెనక నిలబడి, "నువ్వే చేశావని చెప్పెయ్యవే" అని గొణిగాను. ఆవిడ గిన్నె కడుగుతూ "వినపడలేదండీ" అంది. కాస్త గట్టిగా చెప్పాను. "ఊహూఁ, ఇంకా వినపడలేదు" అంది. మూడోసారి ఇల్లంతా వినపడింది.